కాగితం ముక్కంత బలం... కక్ష్యకెక్కిన ఉపగ్రహం

2001 జులై 12 సాయంత్రం. దక్షిణ అమెరికా ఈశాన్య తీరంలోని ఫ్రెంచి గయానా. అక్కడి కౌరూ ప్రయోగ కేంద్రం నుంచి ఏరియాన్-5 రాకెట్ నిప్పులు కక్కుకుంటూ లేచింది. లోపల రెండు ఉపగ్రహాలు. ఒకటి జపాన్ వాళ్ల టీవీ ప్రసారాల కోసం వెళ్తున్న బీశాట్-2బి. రెండోది ఆర్టెమిస్... ఐరోపా అంతరిక్ష సంస్థ ఏళ్ల తరబడి కూర్చుని తయారుచేయించుకున్న సమాచార ఉపగ్రహం. బరువు 3,100 కిలోలు. పక్కనున్న బూస్టర్లు బాగానే పనిచేశాయి. కింది ఇంజనూ మాట తప్పలేదు. వచ్చిన తంటా అంతా ఆఖరి మెట్టు దగ్గరే. పైదశ ఇంజను వెలగడమే తేడాగా వెలిగింది. ఇవ్వాల్సినంత బలం ఇవ్వలేదు సరికదా, ఆగాల్సిన సమయం కన్నా ముందే ఆరిపోయింది.

ఉపగ్రహాలు కింద పడిపోలేదు. అలాగని చేరాల్సిన చోటికీ చేరలేదు. వాటిని వదలాల్సిన కక్ష్య భూమికి అత్యంత దూరంగా వెళ్లే చోట 35,853 కిలోమీటర్ల ఎత్తుండాలి. ఉన్నది 17,487 కిలోమీటర్లే! విజయవాడలో హైదరాబాద్ టిక్కెట్టు కొని బస్సెక్కినవాణ్ని సూర్యాపేటలో దించేసి, డ్రైవరు చేతులెత్తేసినట్టన్నమాట.

బీశాట్ దగ్గర అక్కణ్నుంచి సొంతంగా పైకెళ్లేంత ఇంధనం లేదు. దానిమీద ఆశ వదిలేసుకున్నారు. ఆర్టెమిస్‌కీ అదే గతి పట్టాలి. కానీ దాని ఒంటిమీద నాలుగు చిన్న యంత్రాలున్నాయి. వాటిని పెట్టింది ఈ పనికి కాదు. వాటి బలమెంతో చెబితే నవ్వొస్తుంది కూడా. కాగితాలు జిరాక్స్ తీసే ఏ4 షీటు ఉంటుంది చూడండి... దాన్ని మూడు ముక్కలుగా చింపి ఒక ముక్కను అరచేతిలో పెట్టుకుంటే చేతిమీద ఎంత బరువు పడుతుందో, ఆ యంత్రం ఒక్కోటీ నెట్టే బలం సుమారుగా అంతే!

డాబా మీది డిష్ ఎటు చూస్తోంది?

ఇంతకీ ఆ 36 వేల కిలోమీటర్ల ఎత్తుకే ఎందుకెళ్లాలి? డాబా మీద బిగించిన టీవీ డిష్‌నే అడగొచ్చు. బిగించిన రోజు నుంచీ అది ఆకాశంలో ఒకే చోటికి చూస్తూ ఉంటుంది. తల తిప్పదు. ఎందుకంటే అది చూసే ఉపగ్రహం అక్కణ్నుంచి కదలదు... కదలనట్టు కనిపిస్తుంది. భూమధ్యరేఖకు నేరుగా పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహానికి ఒక చుట్టు పూర్తవడానికి 23 గంటల 56 నిమిషాలు పడుతుంది. భూమి తనచుట్టూ తాను తిరగడానికి పట్టే సమయమూ అదే. ఇద్దరూ ఒకే లయలో తిరుగుతారు కాబట్టి కింద ఉన్నవాళ్లకి ఉపగ్రహం మేకు కొట్టి తగిలించినట్టు కనిపిస్తుంది. దీన్నే భూస్థిర కక్ష్య అంటారు.

చాలామంది అనుకునేదేమిటంటే, రాకెట్ ఉపగ్రహాన్ని తీసుకెళ్లి సరిగ్గా అక్కడ కూర్చోబెట్టి వస్తుందని. సాధారణంగా అలా జరగదు. రాకెట్ దాన్ని కోడిగుడ్డు ఆకారంలో ఉండే ఒక దారిలో వదిలేస్తుంది. ఆ దారి ఒక చివర భూమికి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులో ఉంటే, రెండో చివర 36 వేల కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. ఆ పై చివరకు చేరిన ప్రతిసారీ ఉపగ్రహం తన సొంత ఇంజనును కాసేపు మండించుకుంటూ, గుడ్డును గుండ్రంగా మార్చుకోవాలి. ఇస్రో ఉపగ్రహాల్లో ఈ పనిచేసే ఇంజను 440 న్యూటన్ల బలంతో నెడుతుంది. అంటే ఒక పెద్ద సిమెంటు బస్తా బరువంత. దానికి మూడు నాలుగు విడతల్లో కొన్ని గంటలు మండితే చాలు, వారం పది రోజుల్లో ఉపగ్రహం చోటు చేరుకుంటుంది.

ఈ ఆఖరి మెట్టుకయ్యే ఖర్చే దిమ్మతిరిగేంత ఉంటుంది. మామూలు సమాచార ఉపగ్రహం రాకెట్ ఎక్కేటప్పుడు దాని బరువులో దాదాపు సగం ఇంధనమే! పెళ్లికి బయల్దేరిన వ్యానులో సగం సీట్లలో పెట్రోలు డబ్బాలు పెట్టుకుని, మిగిలిన సగంలో పెళ్లివాళ్లు సర్దుకున్నట్టు. రాకెట్ కిరాయి చూస్తే బరువును బట్టి. అంటే కోట్లు పోసి పైకి పంపేదాంట్లో సగం, అక్కడ కాలిపోవడానికి పంపుతున్నదే.

ఎంత విసిరామని కాదు... ఎంత జోరుగా అని!

రాకెట్ సూత్రం చిన్నపిల్లలకీ తెలుసు. వెనక్కి ఏదైనా విసిరితే ముందుకు కదులుతాం. పడవలో నిలబడి కొబ్బరికాయలు వెనక్కి విసిరితే పడవ ముందుకు జరుగుతుంది. ఇంకాస్త జరగాలంటే రెండే దారులు. ఎక్కువ కాయలు విసరాలి. లేదా అవే కాయల్ని ఇంకా జోరుగా విసరాలి.

ఉపగ్రహాల్లో వాడే రసాయన ఇంధనం మండి బయటికి తన్నే వేగం సెకనుకు దాదాపు 3 కిలోమీటర్లు. తక్కువేమీ కాదు. కానీ అంతకుమించి పెద్దగా పెంచలేం. ఎందుకంటే ఆ శక్తి ఇంధనంలోనే దాగి ఉంది. ఎంతుంటే అంతే వస్తుంది. విద్యుత్ ఇంజను కథ వేరు. దాంట్లో విసిరే సరుకు వేరు, విసిరే శక్తి వేరు. సరుకు జెనాన్ అనే వాయువు. శక్తి సౌర ఫలకాల నుంచి వచ్చే కరెంటు.

జెనాన్ గాలిలోనే ఉంటుంది గానీ, కోటి పాళ్లలో ఒక పాలు కూడా ఉండదు. అందుకే ఖరీదు. దేంతోనూ చప్పున కలవని బుద్ధిమంతురాలు. తుప్పు పట్టించదు, పేలదు. పైగా బరువైన అణువులు. ఇంజను గదిలోకి కొద్దికొద్దిగా వదిలి, ఒక్కో అణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ని ఊడబెరికేస్తారు. అప్పుడది విద్యుదావేశమున్న అయాన్ అవుతుంది. ఇక దాన్ని విద్యుత్తుతో లాగొచ్చు. జల్లెడలాంటి లోహపు పలకల మధ్య వెయ్యి వోల్టులకు పైగా పెడితే, అయాన్లు ఆ చిల్లుల్లోంచి సెకనుకు 30 కిలోమీటర్లకు పైబడిన వేగంతో దూసుకుపోతాయి. రసాయన ఇంజను కన్నా పది రెట్లు! అంటే అదే పనికి పదో వంతు సరుకు చాలు. పోయే అయాన్లు ఉపగ్రహాన్ని ఆవేశంతో వదిలిపెట్టకుండా, ఊడబెరికిన ఎలక్ట్రాన్లను బయట మళ్లీ వాటిలోకే చిమ్ముతారు. లేకపోతే విసిరినవన్నీ వెనక్కొచ్చి ఉపగ్రహానికే అతుక్కుంటాయి మరి.

ఇంత బాగుంటే అందరూ ఎప్పుడో వాడేవాళ్లే. ఇక్కడే ఉంది మెలిక. జోరు పదింతలైతే, అదే బలానికి కావలసిన కరెంటూ పదింతలవుతుంది. ఉపగ్రహం రెక్కల మీద పడే ఎండ అంతంతమాత్రం. అందుకే బలాన్ని కోసుకోవాలి. కోస్తూ పోతే చివరికి మిగిలేది ఆ కాగితం ముక్క బరువే. భూమ్మీద ఈ ఇంజను తన బరువును తానే లేపుకోలేదు. గాలీ రాపిడీ లేని చోట, ఆపకుండా నెలల తరబడి నెడితేనే దాని సంగతి తెలుస్తుంది.

ఆలోచన కొత్తదేం కాదు. రష్యాలో త్సియోల్కోవ్‌స్కీ, అమెరికాలో గొడార్డ్ 20వ శతాబ్దం మొదట్లోనే దీని గురించి రాసుకున్నారు. 1964లో నాసా సర్ట్-1 అనే ప్రయోగంలో అయాన్ ఇంజను అంతరిక్షంలో అరగంట నడిచింది. సోవియట్ వాళ్లు జల్లెడల బదులు అయస్కాంత క్షేత్రంతో ఎలక్ట్రాన్లను పట్టి ఉంచే మరో రకం ఇంజను చేసి, 1972లో మెటియోర్ ఉపగ్రహం మీద నడిపారు. 1990ల చివరికి కొన్ని సమాచార ఉపగ్రహాల్లోనూ ఇవి చేరాయి. అయితే పై కక్ష్యకు ఎక్కించడానికి కాదు. ఎక్కాక అక్కడ కుదురుగా ఉంచడానికి. చంద్రుడూ సూర్యుడూ తలా ఒక వైపు లాగుతూ ఉపగ్రహాన్ని ఉత్తర దక్షిణాలకు ఊగిస్తుంటారు. అది సరిదిద్దడానికి అప్పుడప్పుడూ చిన్న తోపు చాలు. ఆర్టెమిస్ మీద నాలుగు అయాన్ ఇంజన్లు పెట్టింది కూడా ఆ చిల్లర పనికే. రెండు జర్మనీవి, రెండు బ్రిటన్‌వి.

ఆలుగడ్డ పొలాల మధ్య ఆలోచన

ఇటలీ మధ్యభాగంలో ఫుచినో అని ఒక మైదానం. ఒకప్పుడు పెద్ద చెరువు. 19వ శతాబ్దంలో నీళ్లు తోడేసి పొలాలు చేశారు. ఆలుగడ్డలకు పేరు. ఆ పొలాల మధ్యనే పెద్ద పెద్ద యాంటెన్నాలతో ఒక కేంద్రం ఉంది. ఆర్టెమిస్‌ను నడిపింది అక్కణ్నుంచే.

మొదట చేయాల్సింది ఉపగ్రహాన్ని ప్రమాదం నుంచి బయటపడేయడం. అది తిరుగుతున్న దారి భూమిచుట్టూ ఉండే వాన్ అలెన్ రేడియేషన్ వలయాల్లోంచి పోతోంది. ఎంతకాలం అక్కడ తిరిగితే సౌర ఫలకాలూ ఎలక్ట్రానిక్ పరికరాలూ అంత దెబ్బతింటాయి. అయాన్ ఇంజన్లను నమ్ముకుని అక్కణ్నుంచి మెల్లగా పాకితే, బయటపడేసరికి ఉపగ్రహం బతికుంటుందో లేదో! అందుకే రసాయన ఇంజనునే పదేపదే మండించారు. ముందు భూమికి దగ్గరగా వచ్చినప్పుడల్లా మండించి పై చివరను 31 వేల కిలోమీటర్లకు లేపారు. తర్వాత పై చివర దగ్గర మండించి దారిని గుండ్రంగా చేశారు. ఇదంతా జులై నెలలోనే అయిపోయింది.

ఇక మిగిలింది దాదాపు 5 వేల కిలోమీటర్లు. మిగిలిన రసాయన ఇంధనాన్ని ఊడ్చిపెడితే ఎక్కేయొచ్చేమో. కానీ ఎక్కాక పదేళ్లు బతకడానికి ఏం మిగులుతుంది? పెళ్లి ఘనంగా చేసి కాపురానికి గిన్నెలు కూడా మిగల్చనట్టే. 31 వేల ఎత్తులో వదిలేద్దామా అంటే, అక్కడ ఒక చుట్టుకు పట్టేది దాదాపు 20 గంటలు. ఉపగ్రహం ఆకాశంలో ఒకచోట నిలవదు. తూర్పుకు జరిగిపోతూనే ఉంటుంది. అప్పుడొచ్చింది అయాన్ ఇంజన్ల మాట.

అనుకోవడం తేలికే. ఆ ఇంజన్లు బిగించింది ఉత్తర దక్షిణాలకు నెట్టడానికి. పైకి ఎక్కాలంటే ఉపగ్రహం వెళ్తున్న దిశలోనే నెట్టాలి. అంటే 3 టన్నుల సరుకుగా బయల్దేరిన ఆ ఉపగ్రహాన్ని 90 డిగ్రీలు పక్కకు తిప్పి, ఆ భంగిమలోనే నెలల తరబడి నడపాలి. డిజైన్ చేసినవాళ్లు కలలో కూడా అనుకోని భంగిమ అది! భూమిని వెతికే కళ్లు ఒకవైపు, రెక్కలు ఇంకోవైపు... దాని కంప్యూటర్‌కు ఆ పద్ధతే తెలియదు. తెలియనిదాన్ని నేర్పాలి. కింద కూర్చుని కొత్త ప్రోగ్రాం రాయాలి. నియంత్రణ సాఫ్ట్‌వేర్‌లో దాదాపు ఐదో వంతు మార్చాల్సి వచ్చింది. కంప్యూటర్ లెక్కలో 15 వేల 'పదాలు' రాసి, 2001 చివరికల్లా రేడియోలో పైకి పంపారు. ఎగురుతున్న సమాచార ఉపగ్రహం బుర్రను అంత పెద్దఎత్తున మార్చడం అప్పటిదాకా ఎవరూ చేయలేదు. ఎక్కడో ఒక తప్పు దొర్లితే ఉపగ్రహం గిరగిరా తిరిగి చేతికి చిక్కకుండా పోతుంది. మెకానిక్కును పంపే వీలు లేదు కదా.

ఈలోగా ఊరికే కూర్చోలేదు. 2001 నవంబరులో, ఆ 31 వేల కిలోమీటర్ల మజిలీ నుంచే, 832 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతున్న ఫ్రాన్స్ ఉపగ్రహం స్పాట్-4తో లేజరు కిరణంతో మాట్లాడించారు. స్పాట్-4 తీసిన బొమ్మలు కాంతిరూపంలో ఆర్టెమిస్‌కు వచ్చి, అక్కణ్నుంచి రేడియోలో కిందికి దిగాయి. ఉపగ్రహాల మధ్య లేజరుతో అలా సమాచారం నడవడం అదే మొదలు. కుంటికాలితో కూడా పరుగుపందెం గెలిచినట్టు!

రోజుకు 15 కిలోమీటర్లు

2002 ఫిబ్రవరి 19న అసలు ఎక్కుడు మొదలైంది. లెక్క వేస్తే ముచ్చటగా ఉంటుంది. ఆ కాగితం ముక్క బలంతో రోజంతా నెడితే ఉపగ్రహం వేగంలో వచ్చే తేడా సెకనుకు ఒక మీటరు కూడా ఉండదు. మనిషి మామూలు నడక అంతకన్నా ఎక్కువ. ఐతే ఆ కాస్త తోపుకే కక్ష్య ఎత్తు రోజుకు సగటున 15 కిలోమీటర్లు పెరిగింది. గుండ్రని దారి కాస్తా గడియారపు స్ప్రింగులా చుట్లుచుట్లుగా విప్పుకుంటూ పోయింది. ఇంకో తమాషా... ఇలా ముందుకు నెట్టించుకుంటూ పైకెక్కిన ఉపగ్రహం, పైకి చేరాక ముందుకన్నా నెమ్మదిగా తిరుగుతుంది. పెట్టిన శక్తంతా ఎత్తు కిందే ఖర్చయిపోతుందన్నమాట.

దారిలో ఇబ్బందులు రాకుండా పోలేదు. నాలుగు ఇంజన్లలో కొన్ని మధ్యలోనే మొరాయించాయి. ఎక్కువ భారం ఒక జర్మనీ ఇంజను మీదే పడింది. అప్పుడప్పుడూ నిలిచిపోవడం, కారణం వెతకడం, మళ్లీ మొదలుపెట్టడం. వేసవి గడిచింది, శీతాకాలం వచ్చింది. 2003 జనవరి 31న ఆర్టెమిస్ తనకు కేటాయించిన చోటికి చేరింది. బయల్దేరింది 2001 జులైలో. పది రోజుల ప్రయాణానికి పద్దెనిమిది నెలలకు పైనే పట్టింది!

ఆలస్యమైనా పనికి లోటు చేయలేదు. ఐరోపా పర్యావరణ ఉపగ్రహం ఎన్విశాట్ తీసిన సమాచారాన్ని కిందికి చేరవేసింది. 2005 డిసెంబరులో జపాన్ ఉపగ్రహం కిరారితో రెండువైపులా లేజరు సంభాషణ నడిపింది. మరుసటి ఏడాది ఎగురుతున్న విమానంతోనూ అదే పని చేసింది. 2008లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి సరుకులు మోసుకెళ్లిన జూల్ వెర్న్ నౌకకు కబుర్లు అందించింది. పదేళ్లకని పంపిన ఉపగ్రహాన్ని 2014లో లండన్ కంపెనీ అవాంతి తీసుకుంది. 2017 చివర్లో గానీ దాన్ని విశ్రాంతి కక్ష్యలోకి పంపలేదు.

గండం గడిచాక గమనం

అమెరికా సైన్యానికీ ఇలాంటి అనుభవమే ఎదురైంది. 2010 ఆగస్టు 14న వెళ్లిన ఏఈహెచ్ఎఫ్-1 ఉపగ్రహానికి రాకెట్ బాగానే పనిచేసింది. ఉపగ్రహం సొంత రసాయన ఇంజనే వెలగలేదు. ఇంధనం గొట్టంలో ఏదో అడ్డుపడింది. కక్ష్య కింది చివర గాలి పొరలకు దగ్గరగా ఉండటంతో ముందు చిన్న హైడ్రజీన్ ఇంజన్లతో దాన్ని పైకి లేపుకొని, ఆ తర్వాత సోవియట్ పద్ధతి నుంచి పుట్టిన రకం విద్యుత్ ఇంజన్లతో మెల్లగా ఎక్కించారు. 2011 అక్టోబరు 24కి చేరింది. పద్నాలుగు నెలలు.

రెండుసార్లూ అది ఆపద మొక్కే. కానీ వ్యాపారులు ఊరుకుంటారా? గండం నుంచి గట్టెక్కించిన ఉపాయాన్నే మొదటి నుంచీ పద్ధతిగా పెట్టుకుంటే పోలా, అనుకున్నారు. 2015 మార్చి 1 రాత్రి ఫ్లోరిడా నుంచి ఒకే ఫాల్కన్-9 రాకెట్ మీద, ఒకదాని నెత్తిన ఒకటి పేర్చి, బోయింగ్ చేసిన రెండు సమాచార ఉపగ్రహాలు వెళ్లాయి. ఏబీఎస్-3ఎ, యూటెల్‌శాట్ 115 వెస్ట్ బి. పైకెక్కడానికి వాటిలో రసాయన ఇంజను అనేదే లేదు. అంతా జెనాన్. రెండూ కలిపి దాదాపు 4,200 కిలోలే. పాతరకంగా చేసుంటే ఒక మంచి ఉపగ్రహం బరువే అంతకు మించిపోయేది. రాకెట్ కిరాయి ఇద్దరూ పంచుకున్నారు. ఏబీఎస్-3ఎ సేవలు మొదలైంది ఆగస్టు 31న... అంటే ఆర్నెల్లకు.

ఆ ఆర్నెల్లే అసలు బేరం. కోట్లు పెట్టి చేయించిన ఉపగ్రహం పాకుతున్నంత కాలం ఒక్క చానెల్ కూడా నడవదు, ఒక్క రూపాయీ రాదు. అప్పు మీద వడ్డీ మాత్రం ఆగదు. రేడియేషన్ వలయాల్లోంచి నిదానంగా పోవాలి కాబట్టి సౌర ఫలకాలు అరుగుదలకు తట్టుకునేలా ముందే ఎక్కువ చేయాలి. చుట్లుచుట్లుగా ఎక్కడంలో వేగం లెక్క కూడా కాస్త ఎక్కువే పడుతుంది. అయినా పదో వంతు సరుకుతో పోతున్నప్పుడు ఆ తేడా కలిసిపోతుంది. ముసలైపోయిన ఉపగ్రహం స్థానంలో వెంటనే కొత్తది కావాలనుకునేవాళ్లకి ఈ పద్ధతి నప్పదు. రెండేళ్ల ముందే ప్లాను వేసుకునే కంపెనీకి బ్రహ్మాండంగా నప్పుతుంది. ఈ ఎదురుచూపును తగ్గించడానికే ఎయిర్‌బస్ వాళ్లు యూటెల్‌శాట్ 172బిలో ఎక్కువ కరెంటు పట్టే ఇంజన్లను మడిచి చాపే చేతుల మీద బిగించారు. 2017 జూన్‌లో బయల్దేరి నాలుగు నెలల్లో చేరిపోయింది.

శ్రీహరికోట లెక్క

ఇస్రోకు ఈ విద్య మీద కన్ను ఎప్పటి నుంచో ఉంది. 2010 ఏప్రిల్ 15న శ్రీహరికోట నుంచి వెళ్లిన జీశాట్-4లో విద్యుత్ ఇంజన్లు పెట్టారు. అయితే ఆ రోజు దేశవాళీ క్రయోజెనిక్ ఇంజనుతో తొలిసారి ఎగిరిన జీఎస్ఎల్వీ విఫలమైంది. ఉపగ్రహం బంగాళాఖాతం పాలైంది. విద్యుత్ ఇంజన్లకు వెలిగే అవకాశమే రాలేదు. మళ్లీ ఆ ముచ్చట తీరడానికి ఏడేళ్లు పట్టింది. 2017 మే 5న వెళ్లిన దక్షిణాసియా ఉపగ్రహం జీశాట్-9లో అవి పనిచేశాయి. అప్పుడు కూడా ఉన్నచోట కుదురుగా నిలబెట్టే పనికే.

కానీ ఇస్రోకు అసలు అవసరం ఎక్కించే పనితోనే. ఎల్వీఎం3 రాకెట్‌ను రూపొందించింది ఆ కోడిగుడ్డు కక్ష్యకు 4 వేల కిలోలు మోయడానికి. 4,700 కిలోల జీశాట్-ఎన్2ను 2024 నవంబరులో అమెరికా తీసుకెళ్లి ఫాల్కన్-9 మీద పంపాల్సి వచ్చింది అందుకే. మరుసటి ఏడాది నవంబరు 2న 4,410 కిలోల సీఎంఎస్-03ని ఎల్వీఎం3 మీదే పంపగలిగారు. భారత గడ్డ నుంచి అప్పటిదాకా ఆ కక్ష్య వైపు వెళ్లినవాటిలో బరువైనది అదే. రాకెట్‌ను పెంచుకుంటూ పోవడం ఒక దారి. ఉపగ్రహాన్ని బక్కచిక్కించడం రెండో దారి. 4 టన్నుల ఉపగ్రహంలో 2 టన్నులున్న ఇంధనాన్ని తీసేసి కొన్ని వందల కిలోల జెనాన్ పెట్టగలిగితే, అదే రాకెట్ మీద అంతకన్నా ఎంతో సమర్థమైన ఉపగ్రహం శ్రీహరికోట నుంచే వెళ్తుంది.

రసాయన ఇంజను మీదే భారం వేయడం ఎంత ప్రమాదమో 2025 జనవరి 29న తెలిసొచ్చింది. శ్రీహరికోట నుంచి అది నూరో ప్రయోగం. జీఎస్ఎల్వీ చక్కగా పనిచేసి ఎన్వీఎస్-02 అనే దారిచూపే ఉపగ్రహాన్ని చెప్పిన చోట వదిలింది. తీరా ఉపగ్రహం తన ఇంజను వెలిగించబోతే ఆక్సీకారిణిని వదిలే కవాటాలు తెరుచుకోలేదు. గుడ్డు గుండ్రం కాలేదు. ఆ దీర్ఘవృత్తపు దారిలోనే ఉండిపోయింది. విద్యుత్ ఇంజన్లు ఉండుంటే బయటపడేదా అంటే, తేలిగ్గా అవునని చెప్పలేం. కక్ష్య కింది చివర గాలి పొరల్లోకి దిగుతుంటే కాగితం ముక్క బలం ఆ రాపిడికే సరిపోదు. ఆర్టెమిస్‌నైనా, ఏఈహెచ్ఎఫ్-1నైనా ముందు బయటికి లాగింది రసాయన ఇంజన్లేనని మరిచిపోకూడదు. ఆ మొదటి లాగుడుకు ఏదో ఒకటి పనిచేస్తేనే మిగతా ఆశలు.

అదే ఏడాది మార్చిలో ఇస్రో ఇంకో కబురు చెప్పింది. సొంతంగా చేసిన 300 మిల్లీన్యూటన్ల ప్లాస్మా ఇంజను, అంతరిక్షంలా గాలి తీసేసిన పెద్ద గదిలో, 5.4 కిలోవాట్ల పూర్తి కరెంటుతో వెయ్యి గంటల పరీక్ష నెగ్గిందని. 300 మిల్లీన్యూటన్లంటే 30 గ్రాముల బరువు. అదే జిరాక్స్ కాగితాలు ఆరు. ఆర్టెమిస్ ఇంజనుకు ఇరవై రెట్లు. వెయ్యి గంటలంటే 42 రోజులు. పరీక్ష జరుగుతున్నప్పుడు మధ్యమధ్యలో ఆపి ఇంజను లోపలి పూత ఎంత అరిగిందో కొలుచుకున్నారు. నిప్పు లేకపోయినా, అంత వేగంతో కొట్టుకునే అయాన్లు గోడల్ని ఇసుక కాగితంలా గీకేస్తాయి మరి. ఎక్కడానికి నెలలు పట్టే ప్రయాణంలో ఆ గోడలు ఎన్ని వేల గంటలు నిలుస్తాయన్నదే ఇప్పుడు ఇంజనీర్లు తేల్చుకోవాల్సిన లెక్క.